జాతీయ వనములు – జనసమ్మర్దము

ఏ ఉన్నత పాఠశాల ఆటస్థలమును చూచినను ఒక దృశ్యము కనిపించును. గేటు నుండి తరగతి గదులకు అడ్డముగా పోవు సన్నని కాలిబాట ఒకటి పచ్చిక నడుమ తెల్లని గీతవలె సాగియుండును. దానిని ఎవరును త్రవ్వలేదు. ఎవరును కంకర పోయలేదు. దగ్గరిదారి అని పిల్లలు నడచినందువలననే అది ఏర్పడినది. మొదట నడచిన కొద్దిమంది పాదముల క్రిందనే గడ్డి చాలవరకు చచ్చినది. తరువాత ఏండ్ల తరబడి వందలమంది నడచినను బాట కొంచెము వెడల్పయినదే కాని, మొదట జరిగినంత మార్పు మరల జరుగలేదు.

ప్రపంచమున పేరుపొందిన జాతీయ వనములను నేడు బాధించుచున్న ఒక పెద్ద సమస్య ఈ చిన్నబాటలో ఇమిడియున్నది. ప్రకృతి సౌందర్యమును చూడవలెనని లక్షలాది జనులు వచ్చుచున్నారు. వారు చెట్లు నరుకువారు కారు, జంతువులను వేటాడువారును కారు. వనమును ప్రేమించి వచ్చినవారే. అయినను వారి రాకయే వనమునకు భారమగుచున్నది. వచ్చువారిని వలదనుట న్యాయమా? అందరిని రానిచ్చి వనమును పాడుచేసికొనుట వివేకమా? ఈ చిక్కును విడదీయుటకు శాస్త్రజ్ఞులు, వనపాలకులు చేసిన ప్రయత్నములు తెలిసికొనదగినవి. ఈ విషయమున ఎక్కువ అనుభవము గల దేశము అమెరికా కనుక అచటి ఉదాహరణములే ముఖ్యముగా ఇచట చెప్పబడినవి.

ఒకే చట్టములో రెండు ఆజ్ఞలు

అమెరికా ప్రభుత్వము 1872లో యెల్లోస్టోన్ అను ప్రదేశమును ప్రజలందరి కొరకు ప్రత్యేకించి కాపాడ నిశ్చయించెను. ప్రపంచములో మొదటి జాతీయ వనమని సాధారణముగా దీనినే చెప్పుదురు. తరువాత మరికొన్ని వనము లేర్పడెను. వాటినన్నిటిని చూచుటకు 1916లో ఒక శాఖను నెలకొల్పుచు చట్టము చేసిరి. ఆ చట్టము శాఖకు రెండు విధులను అప్పగించెను. వనములను ప్రజలు అనుభవించి ఆనందింపవలెను. అవి చెడిపోకుండ రాబోవు తరములవారికి అందవలెను.

ఆ కాలమున ఈ రెండు ఆజ్ఞలకు వైరుధ్య మున్నట్లు ఎవరికిని తోచలేదు. దూరప్రదేశములకు రైలు బండ్లమీదను, గుర్రపు బండ్లమీదను వచ్చువారి సంఖ్య స్వల్పము. మోటారుకారు వచ్చి ఈ స్థితిని మార్చినది. కాలిఫోర్నియాలోని యోసెమిటీ వనములోనికి కార్లను 1913లో రానిచ్చిరి. 1940లో వనశాఖవారి స్థలములన్నిటికి జరిగిన సందర్శనములు సుమారు 1 కోటి 70 లక్షలు. 1955 నాటికి అవి 5 కోట్ల 60 లక్షలకు పెరిగెను. ఈ రద్దీకి తట్టుకొనుటకై 1956 నుండి 1966 వరకు పదియేండ్ల పథకమొకటి అమలుచేసి కొత్త రోడ్లు, బండ్లు నిలుపు స్థలములు, సందర్శకుల భవనములు నిర్మించిరి. సౌకర్యములు పెరిగిన కొలది వచ్చువారును పెరిగిరి. 2024లో ఆ శాఖ క్రిందనున్న స్థలములన్నిటికి జరిగిన సందర్శనములు 33 కోట్లకు పైబడినవి.

ఈ లెక్కను చదువునప్పుడు ఒక సంగతి గుర్తుంచుకొనవలెను. ఇవి సందర్శనముల సంఖ్యలే కాని మనుష్యుల సంఖ్యలు కావు. ఒకే వ్యక్తి మూడుమారులు వచ్చినచో మూడుగా లెక్కింపబడును. అంతియే కాక, పై శాఖక్రింద 400కు మించిన స్థలములు కలవు. జాతీయ వనములని పేరుగలవి వానిలో 63 మాత్రమే. తక్కినవి చారిత్రక స్థలములు, స్మారక చిహ్నములు, సముద్రతీరములు మొదలగునవి.

విశాలమైన వనములో ఇరుకు

యోసెమిటీ వనము వైశాల్యము సుమారు 3,000 చదరపు కిలోమీటర్లు. 2016లో దానికి 50 లక్షలకు పైగా సందర్శనములు జరిగినవి. అంత విశాలమైన వనములో ఇరుకేమి అని ఎవరికైనను తోచవచ్చును. కాని జలపాతములు, నిట్టనిలువు శిలలు చూడవచ్చు జనులలో ఎక్కువమంది పోవునది ఒక లోయకే. ఆ లోయ పొడవు 11 కిలోమీటర్లు. మిక్కిలి వెడల్పయిన చోట కూడ ఒకటిన్నర కిలోమీటరునకు కొంచెమే ఎక్కువ. పైగా జనులు ఏడాది పొడవునను రారు. వేసవి సెలవులలో వచ్చుదురు. దినమంతయు సమానముగా రారు. ప్రొద్దున ఆలస్యముగా బయలుదేరి మధ్యాహ్నమునకు గుమిగూడుదురు. కావున సమ్మర్దము వనమంతటికి సంబంధించినది కాదు. కొన్నిచోట్ల, కొన్ని మాసములలో, కొన్ని గంటలలో ఏర్పడు ఇరుకే అసలు సమస్య.

దీనిని చిన్న లెక్కతో తెలిసికొనవచ్చును. ఒక జలపాతము వద్ద 200 కార్లు నిలుపుటకు చోటున్నదనుకొందము. ప్రతి కారును సగటున 2 గంటలు నిలుచునని భావించిన, చోటు నిండిన తరువాత గంటకు 100 కార్లు మాత్రమే వెడలును. కనుక గంటకు 100 కార్లకే క్రొత్తగా చోటు దొరకును. గంటకు 130 కార్లు వచ్చినచో గంటకు 30 చొప్పున మిగిలిపోవును. మూడు గంటలలో 90 కార్లు చోటు దొరకక రోడ్డుమీద తిరుగుచుండును, లేదా ప్రక్కన గడ్డిమీదికి ఎక్కును. పది గంటలలో వేయి కార్లు సమముగా వచ్చినచో ఏ ఇబ్బందియు లేదు. ఆ వేయి కార్లే ఐదు గంటలలో వచ్చినచో సగము కార్లకు సకాలములో చోటుండదు. దినమునకు వచ్చు మొత్తము ఒక్కటే. రాక తీరు మాత్రమే వేరు. ఒకచోట ఒకేసారి ఉండువారి సంఖ్య, వచ్చు వేగమును నిలుచు కాలముచే గుణించగా వచ్చునదని గణితవేత్తలు చెప్పు సూత్రమిదే.

నేలకు జరుగు నష్టము

ఇరుకువలన మనుష్యులకు కలుగు విసుగు కంటికి కనబడును. నేలకు కలుగు నష్టము అంత త్వరగా కనబడదు. సారవంతమైన మట్టిలో రేణువుల నడుమ సన్నని ఖాళీలుండును. వానిలో గాలియు నీరును నిలుచును. వానిలోనికే వేళ్ళు చొచ్చుకొనిపోవును. పాదముల బరువు పదేపదే పడుటచే ఈ ఖాళీలు మూసికొనిపోవును. అప్పుడు వాన నీరు లోనికి ఇంకక పైనుండి పారును. పారుచు మట్టిని కోసికొని పోవును. వేళ్ళకు గాలి చాలదు. మొక్క చచ్చును. మొక్క చచ్చిన చోట మట్టిని పట్టియుంచునది ఏదియు ఉండదు.

ఈ నష్టము నడచువారి సంఖ్యతో సమానముగా పెరుగదు. క్రొత్త నేలమీద మొదట పడిన అడుగులే ఎక్కువ హాని చేయునని, తరువాత వచ్చువారివలన కలుగు అదనపు హాని క్రమముగా తగ్గునని త్రొక్కిడిని గూర్చి పరిశోధించినవారు కనుగొనిరి. ఆటస్థలములోని కాలిబాట చెప్పు పాఠమును ఇదియే. దీనినుండి ఆశ్చర్యకరమైన నిర్ణయమొకటి తేలుచున్నది. జనులు ఎక్కువైనప్పుడు వారిని నలుదిక్కులకు చెదరగొట్టుట మేలని తోచును. కాని ఒక గట్టి బాటమీద వేయిమంది నడచుటకంటె, బాటలేని పది చోట్ల వందేసిమంది నడచుట వనమునకు ఎక్కువ చెరుపు. అందుకే వనపాలకులు ముఖ్యమైన బాటలను రాతితోను, చెక్కపలకలతోను గట్టిపరచి, 'బాట విడువకుడు' అని హెచ్చరింతురు.

యూటా రాష్ట్రములోని ఆర్చెస్ వనమున ఈ హెచ్చరికకు మరింత విలువ కలదు. అది ఎడారి ప్రదేశము. అచట ఇసుకపై నల్లని గరుకైన పెచ్చు కనబడును. చూచుటకు మట్టిబెడ్డవలె నున్నను అది ప్రాణము గలది. నీలహరిత సూక్ష్మజీవులు, నాచులు, లైకెన్లు కలిసి దానిని నిర్మించినవి. సూక్ష్మజీవుల సన్నని పోగులు ఇసుకరేణువులను కుట్టినట్లు పట్టియుంచును. గాలిలోని నత్రజనిని మొక్కలకు ఉపయోగపడునట్లు మార్చును. ఒక్క అడుగు పడిన అది పొడియగును. మరల ఏర్పడుటకు ఏండ్లు కాదు, దశాబ్దములు పట్టును.

యెల్లోస్టోనులో మార్నింగ్ గ్లోరీ అను ఉష్ణకుండమున్నది. ఒకప్పుడు దాని నీరు గాఢ నీలవర్ణముతో నుండెడిది. సందర్శకులు వేడుకకై నాణెములు, రాళ్ళు, చెత్త అందులో విసరిరి. వానివలన అడుగునుండి వేడినీరు వచ్చు రంధ్రము కొంతవరకు పూడిపోయెను. నీటి వేడి తగ్గెను. అంచున మాత్రమే బ్రదుకగలిగిన పసుపు, నారింజ రంగుల సూక్ష్మజీవులు నడిమివైపునకు వ్యాపించెను. నాణెము విసరిన ప్రతివాడును 'నా ఒక్కనివలన ఏమగును?' అనియే అనుకొనియుండును.

'ఎందరు' అను ప్రశ్నకు సమాధానము

అట్లయిన ఒక వనము ఎందరిని మోయగలదు? పశువుల పెంపకమును గూర్చిన శాస్త్రములో ఇట్టి ప్రశ్న పూర్వమే కలదు. ఒక బీడు చెడిపోకుండ ఎన్ని పశువులను మేపవచ్చునో దానిని ఆ బీడు ధారణశక్తి యందురు. ఈ భావమును వనములకు అన్వయించి 1964లో అలాన్ వాగర్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు ఒక గ్రంథము ప్రకటించెను. ఆయన మొదట నేలను, మొక్కలను పరిశీలించి ఒక సంఖ్యను కనుగొనవచ్చునని తలచెను. కాని పని సాగినకొలది, మనుష్యులు ఆ ప్రదేశమునుండి ఏమి కోరుచున్నారో తెలియనిదే ఏ సంఖ్యయు నిలువదని గ్రహించెను. నిశ్శబ్దమును కోరి వచ్చినవానికి పదిమంది కూడ ఎక్కువే. ఉత్సాహముగా నలుగురితో కలిసి చూడవచ్చినవానికి వందమందియు లెక్క కాదు. కనుక 'ఎందరు?' అని అడుగుటకు ముందు 'ఎట్టి స్థితిని నిలుపదలచితిమి?' అని అడుగవలెను. 1978లో చేయబడిన చట్టము ప్రతి వనమునకును సందర్శకుల ధారణశక్తిని నిర్ణయింపవలెనని శాఖను ఆదేశించెను.

ఆ నిర్ణయము చేయు విధమును 1990 ప్రాంతపు దశాబ్దిలో ఆర్చెస్ వనమున ప్రయోగించి చూచిరి. డెలికేట్ ఆర్చ్ అను ప్రసిద్ధమైన శిలాతోరణము ఛాయాచిత్రములను కొన్ని సిద్ధపరచిరి. దృశ్యము ఒక్కటే, కాని ఒక చిత్రములో జనులు లేరు, మరొకదానిలో కొద్దిమంది, ఇంకొకదానిలో గుంపు. వీనిని సందర్శకులకు చూపి, ఎంతవరకు సమ్మతమో అడిగిరి. ఒకేసారి సుమారు 30 మందికి మించినచో చూచువారికి ఆ చోటు రుచింపదని తేలెను. ఈ సంఖ్యను ఆధారము చేసికొని వెనుకకు లెక్కించినచో, బాట మొదట ఎన్ని కార్లకు చోటుండవలెనో తెలియును. అనగా కార్లు నిలుపు స్థలమును ఎంత పెద్దది చేయుదుమను ప్రశ్న ఇంజనీరునకు మాత్రమే చెందినది కాదు. శిలాతోరణము వద్ద నిలిచినవాడు ఏమి చూచునో దానిని కూడ అదియే నిర్ణయించును.

జయాన్ లోయ చెప్పు కథ

యూటాలోనే జయాన్ వనము కలదు. వర్జిన్ నది ఎఱ్ఱని ఇసుకరాతిని కోసి చేసిన లోతైన లోయ దాని ముఖ్యాకర్షణ. లోయలోనికి పోవు రోడ్డు సుమారు 10 కిలోమీటర్లు. చివర అవతలికి దారి లేదు. 1997 నాటికి ఏడాదికి 24 లక్షల సందర్శనములు జరుగుచుండెను. ఇరుకు లోయలో కార్లు ఒకదాని వెనుక నొకటి నిలిచి, చోటు దొరకనివి చెట్లక్రిందికి ఎక్కుచుండెను.

రోడ్డును వెడల్పు చేయుటకు బదులు వనపాలకులు 2000లో వేరొక మార్గము త్రొక్కిరి. రద్దీ మాసములలో సందర్శకుల కార్లను లోయ బయటనే ఆపివేసి, అందరిని బస్సులలో లోనికి తీసికొనిపోవ నారంభించిరి. ఒక బస్సులో 60 మంది ఎక్కినచో, కారునకు ముగ్గురు చొప్పున 20 కార్లు తగ్గినట్లే. లోయలో పొగయు రొదయు తగ్గెను; రోడ్డు ప్రక్కల మొక్కలు మరల మొలచెను. 2024 నాటికి బస్సులన్నియు విద్యుత్తుతో నడచునవే అయినవి.

కథ ఇంతటితో ముగిసిన బాగుండెడిది. కాని పూర్వము కార్లకు చోటు లేకపోవుటయే ఒక విధముగా జనులను అదుపులో ఉంచుచుండెను. బస్సులు వచ్చుటతో ఆ అడ్డు తొలగెను. సందర్శనములు పెరిగి 2021లో 50 లక్షలు దాటెను. ఇరుకు రోడ్డుమీదినుండి కాలిబాటలమీదికి మారెను. ఏంజెల్స్ లాండింగ్ అను కొండకొనకు పోవు బాట చివరిభాగము మిక్కిలి సన్ననిది, రెండువైపుల అగాధములు, పట్టుకొనుటకు ఇనుపగొలుసులు. అట్టిచోట ఎక్కువారు, దిగువారు ఒకరినొకరు తప్పించుకొనవలసిన స్థితి వచ్చెను. కావున 2022 ఏప్రిల్ నుండి ఆ బాటకు అనుమతి పత్రము అవసరమయ్యెను. పత్రములను చీట్లు తీసి ఇచ్చుచున్నారు. ఒక ఇరుకును విప్పినచో అది ముందున్న మరొక ఇరుకునకు పోవునని జయాన్ కథ తెలుపుచున్నది.

సమయము వ్రాసిన చీటీలు

జనుల రాకను గంటలవారీగా సర్దుట మరొక పద్ధతి. తిరుమలలో దర్శనమునకు సమయము నిర్ణయించి టోకెన్లు ఇచ్చుట తెలుగువారికి తెలిసినదే. గంటల తరబడి క్యూలో నిలుచుటకు బదులు, చెప్పిన వేళకు వచ్చిన చాలును. పై లెక్కలో చూపినట్లు మొత్తము తగ్గకయే ఒకేసారి చేరువారి సంఖ్య తగ్గును. ఆర్చెస్ వనమున లోపలి స్థలము నిండినప్పుడెల్ల ద్వారమును కొన్ని గంటలపాటు మూయవలసివచ్చెడిది. దూరమునుండి వచ్చినవారు నిరాశతో మరలెడివారు. 2022లో అచట సమయము నిర్ణయించిన ప్రవేశపత్రములను ప్రయోగముగా ప్రవేశపెట్టిరి. శాన్‌ఫ్రాన్సిస్కో సమీపమున మ్యూయిర్ వుడ్స్ అను మహావృక్షముల వనమున 2018 నుండి కారు నిలుపు చోటును ముందుగానే కోరుకొనవలెను. యోసెమిటీలో హాఫ్ డోమ్ అను శిలాశిఖరమును ఉక్కుతీగెలు పట్టుకొని ఎక్కుదురు. అచట 2010 నుండి అనుమతులు పెట్టి, దినమునకు సుమారు 300 మందికే పరిమితము చేసిరి.

అయితే ఈ పద్ధతికి ఒక వెల కలదు. నెలల ముందే ప్రయాణమును నిశ్చయించుకొనగలవారికి, కంప్యూటరు అలవాటు గలవారికి పత్రములు సులభముగా దొరకును. దినకూలి చేయువాడు, సెలవు ఎప్పుడు దొరకునో తెలియనివాడు వెనుకబడును. రుసుము పెంచినచో పేదవాడు మొదట తొలగును. చీట్లు తీయుటలో ధనిక పేద భేదము తగ్గును కాని అదృష్టముపై ఆధారపడవలెను. సమీపమున దుకాణములు, బసలు నడుపువారికి నష్టమను భయము ఉండును. ఈ కారణములచే కొన్ని వనములలో ఈ పద్ధతిని ఒక ఏడు పెట్టి మరొక ఏడు తీసివేయుటయు జరిగినది. యోసెమిటీలో 2022లో ఉన్న నిబంధన 2023లో లేదు, 2024లో మరల వచ్చెను. వనము అందరిది అయినప్పుడు, ఎవరు ఆగవలెననునది శాస్త్రము ఒంటరిగా తీర్పగల తగవు కాదు.

భారతదేశమున

భారతదేశమున ఈ ప్రశ్న పులుల అభయారణ్యములలో తీవ్రముగా వచ్చినది. 2012 జూలైలో సుప్రీంకోర్టు పులుల ముఖ్యనివాస ప్రాంతములలో పర్యటనమును తాత్కాలికముగా నిలిపివేసెను. అదే యేడు అక్టోబరులో నియమములు వెలువడిన పిమ్మట దానిని మరల అనుమతించిరి. ముఖ్యప్రాంతములో 20 శాతమునకు మించి పర్యటనమునకు వాడరాదని, ధారణశక్తిని లెక్కించి వాహనముల సంఖ్యను నిర్ణయింపవలెనని ఆ నియమములు చెప్పినవి.

నల్లమల అడవులలో సమస్య మరొక రూపమున నున్నది. హైదరాబాదునుండి శ్రీశైలము పోవు రోడ్డు తెలంగాణలోని అమ్రాబాద్ పులుల అభయారణ్యము గుండ పోవుచున్నది. ఆ బండ్లలో పోవువారు అడవిని చూడవచ్చినవారు కారు, అడవిని దాటిపోవువారు. అయినను జంతువులకు బండి బండియే. అందుచే రాత్రివేళ జంతువులు సంచరించు సమయమున అడవి రోడ్డుపై రాకపోకలను ఆపివేయుదురు. ఇచటను పరిష్కారము సంఖ్యలో లేదు, వేళలో నున్నది.

పాఠశాలలో ఒక ప్రయోగము

ఇందలి ముఖ్యవిషయమును విద్యార్థులు స్వయముగా పరీక్షింపవచ్చును. రెండువైపుల మూతలు తీసివేసిన, ఒకే కొలతగల రెండు రేకుడబ్బాలను తీసికొనవలెను. కోసిన అంచులు చేతికి గీసికొనకుండ ఉపాధ్యాయుడు ముందుగానే వానిని సరిచేయవలెను. ఒకదానిని ఆటస్థలములోని కాలిబాటమీదను, మరొకదానిని ప్రక్కన ఎవరును త్రొక్కని గడ్డిలోను రెండంగుళముల లోతునకు దింపవలెను. రెండింటిలోను ఒకే కొలత నీరు పోసి, పూర్తిగా ఇంకుటకు పట్టిన కాలమును గడియారము చూచి వ్రాసికొనవలెను. నాలుగైదు చోట్ల ఇట్లు చేసి సగటు తీయవలెను. బాటమీది నీరు గడ్డిలోని నీటికంటె ఎన్ని రెట్లు ఆలస్యముగా ఇంకినదో తెలియును. తరువాత కాలిబాటలో కొంతభాగమునకు కంచె కట్టి, ప్రతి మాసము అదే పరీక్ష చేసిన, నేల కోలుకొనుటకు ఎంత కాలము పట్టునో కూడ తెలియగలదు.

పాడగుట సులభము, బాగగుట కష్టము అను మాట అప్పుడు అంకెలలో కనబడును. వనమునకు పోయినప్పుడు బాట విడువకుండుట, రద్దీ లేని వేళ ఎంచుకొనుట, బస్సు ఉన్నప్పుడు కారు విడుచుట చిన్న పనులుగా తోచును. కాని గడ్డిని చంపినవియు, ఉష్ణకుండమును పూడ్చినవియు అట్టి చిన్న పనులే. అవి లక్షలుగా పెరిగి వనమును పాడుచేయగలిగినచో, లక్షలుగా పెరిగి దానిని కాపాడనుగలవు.